బైపీసీకి కాలిక్యులస్ అక్కర్లేదా..? ఫిజిక్స్‌లో అసలు చిక్కు ఎక్కడుందంటే!

పదో తరగతి ఫలితాలు రాగానే చాలా ఇళ్లలో వినిపించే మాట ఇది.. "లెక్కలంటే భయపడుతున్నాడు, బైపీసీలో చేర్పిద్దాం". అంతే, మ్యాథ్స్ పుస్తకాలు అటకెక్కుతాయి. బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివితే చాలు, ఇక లెక్కల గోల లేదనుకుంటారు. కానీ కాలేజీ మొదలైన కొన్ని వారాలకే ఫిజిక్స్ లెక్చరర్ బోర్డు మీద 'డీఎక్స్ బై డీటీ' అని రాస్తారు. బైపీసీ బెంచీల్లో ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

"సార్, ఇది మాకు లేదు కదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. "మీకు అంత లోతు అక్కర్లేదమ్మా, ఫార్ములా గుర్తుపెట్టుకోండి చాలు" అనే జవాబు చాలా క్లాసుల్లో వినిపించేదే.

ఆ జవాబులో సగం నిజం ఉంది. మిగతా సగం సంగతి పరీక్ష హాల్లోనే బయటపడుతుంది. ఎందుకంటే నీట్ యూజీలో మొత్తం 720 మార్కులైతే, అందులో 180 మార్కులు ఫిజిక్స్‌వే. 45 ప్రశ్నలు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. డాక్టర్ కావాలనుకునే విద్యార్థి లెక్కల నుంచి తప్పించుకున్నా ఫిజిక్స్ నుంచి తప్పించుకోలేడు.

మరి కాలిక్యులస్ లేకుండా ఫిజిక్స్ నేర్చుకోవచ్చా? నేర్చుకుంటే ఏం పోతుంది? ఎంత కాలిక్యులస్ వస్తే సరిపోతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఫిజిక్స్ రెండు రకాలా..?

కానే కాదు. కింద పడే రాయికి ఎంపీసీ, బైపీసీ అని తేడా తెలియదు. ప్రకృతి నియమం ఒక్కటే. దాన్ని చెప్పే భాషే రెండు రకాలు.

ఒకటి ఆల్జీబ్రా భాష, అంటే బీజగణితం. 'వి = యు + ఏటి' లాంటి ఫార్ములాలు తీసుకుని, తెలిసిన విలువలు పెట్టి, తెలియనిది కనుక్కోవడం. రెండోది కాలిక్యులస్ భాష. మన తెలుగు మీడియం పుస్తకాల్లో దీన్నే కలన గణితం అంటారు. ఏదైనా ఒకటి క్షణక్షణానికి మారుతుంటే, ఆ మార్పు ఎంత వేగంగా జరుగుతోందో చెప్పేది అవకలనం, అంటే డిఫరెన్షియేషన్. ఆ చిన్న చిన్న మార్పులన్నీ కూడితే మొత్తం ఎంతో చెప్పేది సమాకలనం, అంటే ఇంటిగ్రేషన్.

సింపుల్‌గా చెప్పాలంటే.. విలువ మారకుండా స్థిరంగా ఉన్నచోట ఆల్జీబ్రా చాలు. మారుతూ పోయేచోట కాలిక్యులస్ కావాలి.

స్పీడోమీటర్ చెప్పే లెక్క

హైదరాబాద్ నుంచి విజయవాడకు సుమారు 275 కిలోమీటర్లు. కారులో 5 గంటలు పట్టిందనుకుందాం. 275ని 5తో భాగిస్తే గంటకు 55 కిలోమీటర్లు. ఇది సగటు వడి. దీనికి కాలిక్యులస్ అక్కర్లేదు, ఐదో తరగతి భాగాహారం చాలు.

కానీ దారి పొడవునా కారు 55లోనే వెళ్లిందా? లేదు. టోల్‌గేట్ దగ్గర సున్నా, ఖాళీ రోడ్డు మీద 90, ఊళ్లు వచ్చినచోట 30. డాష్‌బోర్డు మీద ముల్లు చూపించేది ఆ క్షణంలోని వడి. సగటు కాదు. 'ఆ క్షణంలో' అన్న మాట రాగానే కాలిక్యులస్ వచ్చేసినట్టే.

ఎలాగో ఒక లెక్కతో చూద్దాం. ఒక రాయిని పైనుంచి వదిలారు. గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకుంటే, అది పడిన దూరం '5 ఇంటూ టీ స్క్వేర్' మీటర్లు. సరిగ్గా 2వ సెకను దగ్గర దాని వేగం ఎంత?

2 సెకన్లకు 20 మీటర్లు, 3 సెకన్లకు 45 మీటర్లు పడుతుంది. ఈ ఒక్క సెకనులో సగటు వేగం 25. కానీ మనకు కావాల్సింది 2వ సెకను దగ్గరి వేగం. అందుకే గ్యాప్ తగ్గిద్దాం. 2 నుంచి 2.1 సెకన్ల మధ్య చూస్తే సగటు 20.5. ఇంకా తగ్గించి 2 నుంచి 2.01 మధ్య చూస్తే 20.05. గ్యాప్ తగ్గేకొద్దీ జవాబు 20కి దగ్గరవుతూ పోతోంది.

సెకనుకు ఆ 20 మీటర్లే 2వ సెకను దగ్గర తక్షణ వేగం. డీఎక్స్ బై డీటీ అంటే ఇదే. చూడ్డానికి భయం పుట్టించే ఆ గుర్తు వెనకున్నది కూడికలు, భాగాహారాలే. కాలిక్యులేటర్ ఉంటే తొమ్మిదో తరగతి పిల్లలూ ఈ లెక్క చేసేస్తారు.

ఆల్జీబ్రాతో ఎంత దూరం వెళ్లొచ్చు?

నిజం చెప్పాలంటే చాలా దూరమే. గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో కింద పడే వస్తువుల కదలికను వివరించారు. న్యూటన్, లైబ్నిజ్‌ల కాలిక్యులస్ ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు గానీ రాలేదు. అయినా ఒక్కో సెకనులో వస్తువు పడే దూరాలు 1, 3, 5, 7 నిష్పత్తిలో ఉంటాయని గెలీలియో పట్టుకున్నారు. పైన చెప్పిన రాయినే చూడండి.. మొదటి సెకనులో 5 మీటర్లు, రెండో సెకనులో 15, మూడో సెకనులో 25. సరిగ్గా అదే నిష్పత్తి.

ఇంకో ఉదాహరణ. బంతిని ఏ కోణంలో విసిరితే ఎక్కువ దూరం వెళ్తుంది? కాలిక్యులస్ వచ్చినవాళ్లు డిఫరెన్షియేట్ చేసి, సున్నాకు సమానం చేసి 45 డిగ్రీలు అంటారు. రానివాళ్లు ఫార్ములాలో 'సైన్ 2 తీటా' ఉంది, సైన్ విలువ గరిష్ఠంగా 1 కదా, అది 90 డిగ్రీల దగ్గర వస్తుంది కాబట్టి తీటా 45 అంటారు. దారులు రెండు, జవాబు ఒకటే. పైగా ఇక్కడ రెండో దారే దగ్గర.

కాబట్టి ఆల్జీబ్రాతో చదివే ఫిజిక్స్‌ను 'తక్కువ రకం ఫిజిక్స్' అనుకోవడం తప్పు. అయితే దానికో షరతు ఉంది. ఇక్కడే చాలామంది బోల్తా పడుతున్నారు.

అసలు చిక్కు ఇక్కడే!

'వి = యు + ఏటి', 'ఎస్ = యుటి + అర ఏటి స్క్వేర్'.. ఈ ఫార్ములాలు పిల్లలకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. కానీ ఇవి త్వరణం స్థిరంగా ఉన్నప్పుడు మాత్రమే పనిచేస్తాయన్న మాట చాలామందికి గుర్తుండదు. ఫార్ములా గుర్తుంటుంది, దాని కింద ఉన్న షరతు మర్చిపోతారు.

ఒక ప్రశ్న చూడండి. ఒక కణం స్థానం 'ఎక్స్ = టీ క్యూబ్ − 6 టీ స్క్వేర్ + 9 టీ' మీటర్లు. దాని త్వరణం సున్నా అయినప్పుడు వేగం ఎంత?

ఇక్కడ త్వరణం సమయంతో పాటు మారుతోంది. 'వి = యు + ఏటి' పనికిరాదు. కానీ డిఫరెన్షియేషన్‌లో ఒకే ఒక్క రూల్ వస్తే చాలు.. పైనున్న ఘాతాన్ని ముందుకు తెచ్చి గుణించు, ఘాతంలో ఒకటి తగ్గించు. అలా చేస్తే వేగం '3 టీ స్క్వేర్ − 12 టీ + 9'. మళ్లీ అదే చేస్తే త్వరణం '6 టీ − 12'. ఇది సున్నా అయ్యేది టీ విలువ 2 అయినప్పుడు. ఆ 2ను వేగంలో పెడితే 12 − 24 + 9, అంటే మైనస్ 3. సెకనుకు 3 మీటర్ల వేగంతో కణం వెనక్కి వెళ్తోందన్నమాట.

ఈ లెక్కకు కావాల్సింది ఒక్క రూల్. పది నిమిషాల్లో నేర్చుకునేది. 'మనకు లేదు' అని వదిలేస్తే నాలుగు మార్కులు వదిలేసినట్టే. తెలిసిన ఫార్ములాను బలవంతంగా వాడితే ఒక మార్కు ఎదురు కట్టినట్టే.

సగానికి సగం తేడా వచ్చే తప్పులు

షరతు మర్చిపోతే జవాబు కాస్త అటూ ఇటూ అవుతుందిలే అనుకోవద్దు. ఏకంగా రెట్టింపు వచ్చేస్తుంది. రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది స్ప్రింగ్. ఒక స్ప్రింగ్‌ను 0.2 మీటర్లు సాగదీశారు. చివర్లో కావాల్సిన బలం 20 న్యూటన్లు. చేసిన పని ఎంత? 'పని అంటే బలం ఇంటూ దూరం' అని బట్టీ పట్టినవాళ్లు 20ని 0.2తో గుణించి 4 జౌళ్లు అంటారు. తప్పు. మొదట్లో స్ప్రింగ్‌ను లాగడానికి బలమే అక్కర్లేదు, సాగేకొద్దీ పెరుగుతూ చివర్లో 20కి చేరింది. గ్రాఫ్ గీస్తే త్రిభుజం వస్తుంది. దాని వైశాల్యం అర ఇంటూ 0.2 ఇంటూ 20, అంటే 2 జౌళ్లు. అదే సరైన జవాబు. ఇక్కడ ఇంటిగ్రేషన్ గుర్తు రాయకుండానే ఇంటిగ్రేషన్ చేసేశాం. గ్రాఫ్ కింద వైశాల్యం కనుక్కోవడమే ఇంటిగ్రేషన్.

రెండోది గురుత్వాకర్షణ. ఒక వస్తువును భూమి నుంచి, భూమి వ్యాసార్ధమంత ఎత్తుకు, అంటే సుమారు 6,400 కిలోమీటర్లు పైకి తీసుకెళ్లాలి. స్థితిశక్తి ఎంత పెరుగుతుంది? 'ఎంజీహెచ్' వాడి, హెచ్ బదులు ఆర్ పెడితే 'ఎంజీఆర్' వస్తుంది. సరైన జవాబు అందులో సగమే. కారణం ఏంటంటే.. పైకి వెళ్లేకొద్దీ గురుత్వాకర్షణ తగ్గుతూ పోతుంది. ఆ ఎత్తుకు చేరేసరికి అది నేల మీద ఉన్నదాంట్లో నాలుగో వంతే. ఎంజీహెచ్ అనేది మేడ మీదికి నీళ్ల బకెట్ మోసే లెక్కకు సరిపోతుంది. ఉపగ్రహం లెక్కకు సరిపోదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. స్ప్రింగ్ గ్రాఫ్ తిన్నటి గీత కాబట్టి త్రిభుజంతో గట్టెక్కాం. గురుత్వాకర్షణ గ్రాఫ్ వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు కింద వైశాల్యం కనుక్కోవాలంటే నిజంగానే ఇంటిగ్రేషన్ కావాలి. బైపీసీ విద్యార్థి ఆ ఇంటిగ్రేషన్ స్వయంగా చేయకపోయినా పర్వాలేదు. కానీ కొత్త ఫార్ములా ఎందుకు వచ్చిందో, పాతది ఎక్కడ ఆగిపోయిందో తెలియాలి. నీట్ సిలబస్‌లో 'స్థిర బలం చేసే పని' పక్కనే 'మారే బలం చేసే పని' కూడా ఉంది.

మరి ఎంపీసీ వాళ్లకు అంతా ఓకేనా?

అదీ లేదు. వాళ్ల సమస్య ఇంకో రకం. మన ఇంటర్ మొదటి ఏడాది మ్యాథ్స్‌లో ముందు సరళరేఖలు, త్రీడీ జ్యామితి వచ్చి, ఆ తర్వాత లిమిట్స్, డిఫరెన్షియేషన్ వస్తాయి. ఫిజిక్స్‌లో మాత్రం సరళరేఖా చలనం మొదటి పాఠాల్లోనే ఉంటుంది. అంటే ఫిజిక్స్ లెక్చరర్‌కు డెరివేటివ్ కావాల్సిన సమయానికి మ్యాథ్స్ లెక్చరర్ ఇంకా అక్కడికి చేరరు. ఇంటిగ్రేషన్ సంగతి సరేసరి, అది రెండో ఏడాదిలో. కానీ మారే బలం చేసే పని, జడత్వ భ్రామకం మొదటి ఏడాది ఫిజిక్స్‌లోనే వచ్చేస్తాయి. అందుకే కొన్ని కాలేజీల్లో ఫిజిక్స్ లెక్చరర్లే మొదట కొన్ని రోజులు 'బేసిక్ మ్యాథ్స్' క్లాసులు తీసుకుంటారు.

తీరా మ్యాథ్స్‌లో కాలిక్యులస్ వచ్చాక అది లెక్కగానే మిగిలిపోతుంది. ఎంత పెద్ద సమీకరణం ఇచ్చినా చకచకా డిఫరెన్షియేట్ చేసే విద్యార్థిని ఓ చిన్న ప్రశ్న అడగండి.. "బంతిని నిటారుగా పైకి విసిరితే, పై చివర దాని త్వరణం ఎంత?" సున్నా అనేవాళ్లు చాలామందే ఉంటారు. అక్కడ సున్నా అయ్యేది వేగం మాత్రమే. త్వరణం అంటే వేగం మారే రేటు. ఆ క్షణంలో కూడా వేగం మారుతూనే ఉంది, కాబట్టి త్వరణం అదే 9.8. లెక్క చేయడం వచ్చినా దాని అర్థం పట్టుబడకపోతే కాలిక్యులస్ కూడా బట్టీ ఫార్ములానే అవుతుంది.

అమెరికాలో పరిస్థితి ఏంటి?

అక్కడ ఈ తేడాను దాచకుండా కోర్సు పేరుతోనే చెప్పేస్తారు. కాలేజీల్లో ఆల్జీబ్రా ఆధారిత ఫిజిక్స్ వేరు, కాలిక్యులస్ ఆధారిత ఫిజిక్స్ వేరు. ఇంజినీరింగ్, ఫిజిక్స్ డిగ్రీలకు వెళ్లేవారికి రెండోది. బయాలజీ, మెడిసిన్ వైపు వెళ్లేవారిలో చాలామంది మొదటిది తీసుకుంటారు. మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌కు కాలిక్యులస్ రానక్కర్లేదు.

హైస్కూల్‌లో కూడా ఇదే విభజన. అక్కడ ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. ఏపీ ఫిజిక్స్ 1, 2 కోర్సులు ఆల్జీబ్రాతో నడుస్తాయి. ఏపీ ఫిజిక్స్ సి మాత్రం కాలిక్యులస్‌తో. అందులో మెకానిక్స్‌కు ఒక పరీక్ష, విద్యుత్ అయస్కాంతత్వానికి ఇంకో పరీక్ష. కాలిక్యులస్ ఇప్పటికే చదివినవాళ్లు, లేదా అదే ఏడాది పక్కపక్కనే చదువుతున్నవాళ్లు ఫిజిక్స్ సి తీసుకోవాలన్నది అక్కడి సూచన.

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు ఇక్కడో విషయం గమనించాలి. పిల్లలు ఇంజినీరింగ్‌కు వెళ్లాలనుకుంటే ఆల్జీబ్రా ఫిజిక్స్‌లో మంచి మార్కులు వచ్చినా, కాలేజీలో కాలిక్యులస్ ఫిజిక్స్ మళ్లీ చదవాల్సి రావొచ్చు. ఏ కోర్సుకు క్రెడిట్ ఇస్తారన్నది కాలేజీని బట్టి మారుతుంది. చేరేముందు ఆ కాలేజీ నిబంధనలు చూసుకోవడం మంచిది.

మన దగ్గర ఆ విభజన లేదు. ఫిజిక్స్ సిలబస్ ఎంపీసీకి, బైపీసీకి ఒక్కటే. ఒకరికి కాలిక్యులస్ పక్క క్లాసులో ఆలస్యంగానైనా దొరుకుతుంది, ఇంకొకరికి అసలు దొరకదు. అందుకే బైపీసీ విద్యార్థి ఆ కొంచెం విడిగా నేర్చుకోక తప్పదు.

బైపీసీకి ఎంత కాలిక్యులస్ చాలు?

సంతోషించాల్సిన విషయం ఏంటంటే.. మ్యాథ్స్ పుస్తకం మొత్తం తిరగేయక్కర్లేదు. ఈ ఐదు వస్తే ఫిజిక్స్‌కు చాలావరకు సరిపోతుంది.

1. వాలు: గ్రాఫ్ ఎంత నిటారుగా ఉందో చెప్పేది వాలు. స్థానం-కాలం గ్రాఫ్ వాలు వేగం, వేగం-కాలం గ్రాఫ్ వాలు త్వరణం. డిఫరెన్షియేషన్ అంటే ఇదే.

2. వైశాల్యం: వేగం-కాలం గ్రాఫ్ కింద వైశాల్యం స్థానభ్రంశం. బలం-దూరం గ్రాఫ్ కింద వైశాల్యం పని. ఇంటిగ్రేషన్ అంటే ఇదే.

3. ఘాతం రూల్: పైన కణం లెక్కలో వాడిన రూల్. దాన్నే తిరగేస్తే ఇంటిగ్రేషన్ రూల్ వస్తుంది.

4. సైన్, కాస్: సైన్‌ను డిఫరెన్షియేట్ చేస్తే కాస్, కాస్‌ను చేస్తే మైనస్ సైన్. ఊయల, లోలకం, తరంగాలు, ఏసీ కరెంట్.. అన్నింటికీ ఇదే ఆధారం.

5. ఉన్నదాన్ని బట్టి తగ్గడం: రేడియోధార్మిక పదార్థం ఇంకా ఎంత మిగిలి ఉందో దాన్ని బట్టే తరిగే రేటు ఉంటుంది. 80 గ్రాములు ఒక అర్ధ జీవితకాలంలో 40, తర్వాత 20, ఆ తర్వాత 10 అవుతాయి. రెసిస్టర్ ద్వారా కెపాసిటర్ డిశ్చార్జ్ అయ్యేదీ ఇదే తీరులో.

రోజుకు గంట కేటాయించి, ఒక్కోదానికి లెక్కలు చేస్తూ పోతే రెండు మూడు వారాల పని. హెచ్‌సీ వర్మ 'కాన్సెప్ట్స్ ఆఫ్ ఫిజిక్స్' పుస్తకంలో రెండో పాఠమే 'ఫిజిక్స్ అండ్ మ్యాథమెటిక్స్'. ఫిజిక్స్‌కు కావాల్సినంత కాలిక్యులస్ అందులో ఉంది. సీబీఎస్ఈ 11వ తరగతి ఫిజిక్స్ సిలబస్‌లో కూడా చలనాన్ని వివరించడానికి అవకలనం, సమాకలనం ప్రాథమిక భావనలు పెట్టారు. అంటే ఇది అదనపు చదువు కాదు, పాఠంలో భాగమే.

తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్న

కాలేజీలో చేర్పించేటప్పుడు ఫీజు, హాస్టల్, గత ఏడాది ర్యాంకులు అన్నీ అడుగుతాం. బైపీసీ అయితే ఇంకొక్కటి అడగండి.. "ఫిజిక్స్ మొదలుపెట్టే ముందు బేసిక్ మ్యాథ్స్ చెప్తారా? ఎన్ని రోజులు?" చెప్పం అంటే, మే నెల సెలవుల్లోనే ఆ ఐదూ ఇంట్లో మొదలుపెట్టించడం మేలు.

ఇంటర్ సగం అయ్యాక "నాకు ఫిజిక్స్ రాదు" అనే పిల్లల్లో చాలామందికి నిజానికి రానిది ఫిజిక్స్ కాదు. మధ్యలో ఎవరూ చెప్పకుండా దాటేసిన నాలుగు మెట్లు. ఆ మెట్లు కట్టకుండా ఇంకో వంద ఫార్ములాలు బట్టీ పట్టిస్తే భయం పెరుగుతుందే తప్ప మార్కులు పెరగవు.

ఇక విద్యార్థులు ఈరోజు నుంచే మొదలుపెట్టగలిగే అలవాటు ఒకటుంది. ఏ లెక్క చేసినా, ఫార్ములా రాసేముందు ఒక్క క్షణం ఆగి ప్రశ్నలో చూడండి.. ఇక్కడ ఏది స్థిరంగా ఉంది, ఏది మారుతోంది? త్వరణం స్థిరమైతే ఫార్ములా వాడేయండి. మారుతుంటే గ్రాఫ్ గీయండి లేదా ఘాతం రూల్ వాడండి. బైపీసీ అయినా, ఎంపీసీ అయినా ఆ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగానికి సగం తేడా వచ్చే తప్పులు అక్కడే ఆగిపోతాయి.